గణన వేగం పెరిగింది, సలహా వేగం పెరిగిందా?

2024 సెప్టెంబరు 26న 'అర్క', 'అరుణిక' అనే రెండు సూపర్ కంప్యూటర్ వ్యవస్థలను దేశానికి అంకితం చేశారు. అర్క పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థలోను, అరుణిక నోయిడాలోని జాతీయ మధ్యకాలిక వాతావరణ సూచన కేంద్రంలోను నెలకొన్నాయి. వాటి గరిష్ఠ వేగం వరుసగా 11.77, 8.24 పెటాఫ్లాప్‌లు. వీటి కోసం సుమారు 850 కోట్ల రూపాయలు వెచ్చించినట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఇటువంటి వార్త వెలువడిన ప్రతిసారీ, ఈ యంత్రం ఎన్ని వేల ఇంటి కంప్యూటర్లకు సమానమనే పోలిక కూడా వినిపిస్తుంది.

ఆ పోలిక ఆసక్తికరమైనదే. అయితే వ్యవసాయ పరిశోధన, విస్తరణ రంగాల్లో ఉన్నవారు దాని నుంచి రెండు తప్పు నిర్ధారణలకు వచ్చే ప్రమాదం ఉంది. మన కళాశాలలో సూపర్ కంప్యూటర్ లేదు కనుక పెద్ద లెక్కలు మనకు సాధ్యం కావన్నది మొదటిది. దేశంలో సూపర్ కంప్యూటర్ ఉంది కనుక రైతుకు సమాచారం దానంతటదే వేగంగా చేరుతుందన్నది రెండవది. ఈ రెండు అభిప్రాయాలూ సరైనవి కావని, రెండవది మరింత హానికరమైనదని ఈ వ్యాసం వాదిస్తుంది.

వేగాన్ని కొలిచే విధానం

దశాంశ సంఖ్యలపై ఒక సెకనులో చేయగల కూడికలు, గుణకారాల సంఖ్యను ఫ్లాప్‌లలో చెబుతారు. సెకనుకు వంద కోట్ల లెక్కలు చేస్తే ఒక గిగాఫ్లాప్, లక్ష కోట్ల లెక్కలు చేస్తే ఒక టెరాఫ్లాప్. వెయ్యి టెరాఫ్లాప్‌లు ఒక పెటాఫ్లాప్, వెయ్యి పెటాఫ్లాప్‌లు ఒక ఎక్సాఫ్లాప్.

ఇప్పుడు మన బల్లపై ఉండే డెస్క్‌టాప్ సంగతి చూద్దాం. ప్రాసెసర్‌లో 8 కోర్లు ఉన్నాయని, ఒక్కొక్కటి సెకనుకు 400 కోట్ల స్పందనలతో నడుస్తుందని, ఒక్కో స్పందనలో 16 లెక్కలు చేయగలదని అనుకుందాం. నేటి మధ్యతరగతి ప్రాసెసర్లకు ఇది అసాధారణమేమీ కాదు. ఈ మూడింటిని గుణిస్తే సుమారు 512 గిగాఫ్లాప్‌లు, అంటే అర టెరాఫ్లాప్ వస్తుంది. ఈ లెక్కన అర్క గరిష్ఠ వేగం దాదాపు 23,000 డెస్క్‌టాప్‌ల వేగానికి సమానం. 2024 నవంబరులో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరిన అమెరికాలోని 'ఎల్ కాపిటాన్' వేగం 1.742 ఎక్సాఫ్లాప్‌లు. అది సుమారు 34 లక్షల డెస్క్‌టాప్‌లకు సమానం.

ఇదే పోలికను చరిత్రవైపు తిప్పి చూస్తే మరో విషయం బోధపడుతుంది. 1976లో వెలువడిన క్రే-1 గరిష్ఠ వేగం 160 మెగాఫ్లాప్‌లు మాత్రమే. మన దేశానికి శక్తిమంతమైన యంత్రాన్ని అమ్మడానికి అమెరికా నిరాకరించి, చివరకు వాతావరణ సూచనల కోసం తక్కువ సామర్థ్యం గల క్రే ఎక్స్-ఎంపి నమూనాకు మాత్రమే అనుమతినిచ్చింది. ఆ నేపథ్యంలోనే 1988లో సీ-డాక్ ఏర్పడింది. విజయ్ భట్కర్ నాయకత్వంలో ఆ సంస్థ 1991లో 'పరమ్ 8000'ను రూపొందించింది. దాని గరిష్ఠ వేగం ఒక గిగాఫ్లాప్. అంటే నాడు దేశ గౌరవంతో ముడిపడిన యంత్రం కంటే, నేడు పరిశోధక విద్యార్థి నివేదిక టైపు చేసుకునే యంత్రం కాగితంపై 500 రెట్లు వేగవంతమైనది. దానిని టైపు యంత్రంగానే వాడుతున్నామా, గణన యంత్రంగా కూడా వాడుతున్నామా అన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న.

గరిష్ఠ వేగం వేరు, పనిలో వేగం వేరు

పై అంకెలన్నీ గరిష్ఠ వేగాలు లేదా ఒక ప్రత్యేక పరీక్షలో నమోదైన వేగాలు. 1993 నుంచి ఏడాదికి రెండుసార్లు వెలువడే 'టాప్ 500' జాబితా లిన్‌ప్యాక్ అనే పరీక్షను ప్రమాణంగా తీసుకుంటుంది. దట్టమైన పెద్ద సమీకరణ వ్యవస్థను సాధించడమే ఆ పరీక్ష. అందులో ప్రాసెసర్‌కు ఎప్పుడూ చేతినిండా పని ఉంటుంది. వాతావరణం, నేలలో నీటి కదలిక వంటి వాస్తవ సమస్యల్లో మాత్రం ప్రాసెసర్ ఎక్కువ సమయం మెమరీ నుంచి సంఖ్యల రాక కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ పరిస్థితిని ప్రతిబింబించే హెచ్.పి.సి.జి. అనే పరీక్షలో, లిన్‌ప్యాక్‌పై ఎక్సాఫ్లాప్ దాటిన మొదటి యంత్రం 'ఫ్రాంటియర్' సాధించినది సుమారు 14 పెటాఫ్లాప్‌లు. అది దాదాపు ఒక శాతం మాత్రమే. డెస్క్‌టాప్‌కు కూడా ఇదే పరిమితి వర్తిస్తుంది.

మరొక పరిమితిని 1967లో జీన్ ఆమ్డాల్ సూత్రీకరించారు. ఒక పనిలో కొంత భాగాన్ని అనేక ప్రాసెసర్లకు పంచవచ్చు, మరికొంత భాగం ఒకదాని తరువాత ఒకటిగానే జరగాలి. పంచలేని భాగం 5 శాతమే అయినా, ఎన్ని లక్షల ప్రాసెసర్లను చేర్చినా మొత్తం పని 20 రెట్లకు మించి వేగవంతం కాదు. వరి కోతకు ఎంతమంది కూలీలను దింపినా, ధాన్యం తూర్పారబట్టడానికి కళ్లంలో ఒక్కరే ఉంటే ఆ రోజు ఇల్లు చేరే గింజలను నిర్ణయించేది ఆ ఒక్కరే. ఈ సూత్రాన్ని ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉంది. యంత్రాలకే కాక విస్తరణ వ్యవస్థకు కూడా ఇది వర్తిస్తుందని ముందు ముందు చూస్తాం.

సూపర్ కంప్యూటర్ అనివార్యమయ్యే చోటు

1922లో ప్రచురించిన గ్రంథంలో లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ వాతావరణాన్ని సమీకరణాలతో లెక్కించే పద్ధతిని వివరించారు. ఆరు గంటల సూచనను చేతితో లెక్కించడానికి ఆయనకు సుమారు ఆరు వారాలు పట్టింది. పైగా, ప్రారంభ దత్తాంశాల్లోని అసమతుల్యత కారణంగా ఫలితం వాస్తవానికి చాలా దూరంగా వచ్చింది. 1950లో ఎనియాక్ యంత్రంపై చేసిన తొలి ప్రయత్నంలో 24 గంటల సూచనకు ఇంచుమించు 24 గంటలే పట్టాయి. అదే లెక్కను 2008లో ఐర్లండ్‌కు చెందిన పీటర్ లించ్ బృందం నోకియా 6300 అనే సాధారణ చేతి ఫోన్‌పై ఒక సెకనుకు లోపే పూర్తిచేసింది.

అలాగైతే ఇప్పటికీ వాతావరణ సూచనకు సూపర్ కంప్యూటర్ ఎందుకు కావాలి? యంత్రంతో పాటు లెక్క కూడా పెరిగింది కనుక. భూగోళాన్ని గళ్లుగా విభజించి ప్రతి గడిలోను గాలి, తేమ, ఉష్ణోగ్రతలను లెక్కిస్తారు. గడి పొడవును 12 కిలోమీటర్ల నుంచి 6 కిలోమీటర్లకు తగ్గిస్తే, పొడవున రెండింతలు, వెడల్పున రెండింతలు చేరి గళ్ల సంఖ్య నాలుగు రెట్లవుతుంది. గడి చిన్నదైనప్పుడు కాలపు అడుగును కూడా సగానికి తగ్గించాలి. మొత్తం పని సుమారు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. 2025 మే నెలలో ప్రారంభమైన 'భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్' 6 కిలోమీటర్ల గళ్లతో పనిచేస్తోంది. 144 చదరపు కిలోమీటర్లకు ఒకే అంకె ఇచ్చిన చోట ఇప్పుడు 36 చదరపు కిలోమీటర్లకు ఒక అంకె లభిస్తుంది.

ఈ పనిని 23,000 ఇంటి కంప్యూటర్లకు పంచి చేయించలేం. పక్క గడిలోని గాలి, తేమ తెలియనిదే ఈ గడిలో తరువాతి అడుగు పడదు. ప్రతి అడుగులోనూ వేల ప్రాసెసర్లు పరస్పరం సంఖ్యలు మార్చుకోవాలి. ఆ మార్పిడిని సెకనులో లక్షల వంతు వ్యవధిలో జరిపే అంతర్గత సంధానమే సూపర్ కంప్యూటర్ అసలు విశిష్టత. ఇంటర్నెట్‌తో కలిపిన డెస్క్‌టాప్‌లకు అది లేదు.

ఈ పెట్టుబడి వృథా అనే వాదనను అంగీకరించలేం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది మరణించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు ఆస్తి నష్టం అపారమైనా, ప్రాణనష్టం పదుల సంఖ్యకే పరిమితమైంది. ఉపగ్రహాలు, రాడార్లు, సంఖ్యాత్మక నమూనాలు కలిసి ఇచ్చిన ముందస్తు సూచన ఇందుకు ఒక కారణం. ఆ సూచన అందిన వెంటనే లక్షలాది ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించగలిగిన యంత్రాంగం అంతే ముఖ్యమైన మరో కారణం. వీటిలో ఏది లోపించినా ఫలితం మరోలా ఉండేది.

డెస్క్‌టాప్ సరిపోయే చోటు

మన విశ్వవిద్యాలయాల్లో జరిగే పరిశోధనలో అధిక భాగం వాతావరణ నమూనాల వంటిది కాదు. రెండు ఉదాహరణలు తీసుకుందాం.

వరి ప్రజననంలో 500 వంగడాలు, ఒక్కొక్కదానికి 20,000 జన్యు మార్కర్లతో జన్యు ఎంపిక చేపట్టామనుకుందాం. వంగడాల మధ్య బంధుత్వ మాత్రికను తయారుచేయడానికి 500ను 500తో, ఆపై 20,000తో, ఆపై రెండుతో గుణించినన్ని, అంటే వెయ్యి కోట్ల లెక్కలు అవసరం. అర టెరాఫ్లాప్ యంత్రానికి సిద్ధాంతరీత్యా ఇది సెకనులో యాభయ్యో వంతు పని. ఆచరణలో పదో వంతు సామర్థ్యమే లభించినా సెకనులో అయిదో వంతు చాలు. ఆ మార్కర్ల దత్తాంశం మొత్తం 80 మెగాబైట్లలో ఇముడుతుంది.

రెండవది పంట అనుకరణ నమూనా. డి.ఎస్.ఎస్.ఎ.టి. వంటి నమూనాతో ఒక రాష్ట్రాన్ని 10,000 గళ్లుగా విభజించి, 30 సంవత్సరాల వాతావరణానికి, 10 విత్తు తేదీలకు వేరుశనగ దిగుబడిని అంచనా వేయాలనుకుందాం. మొత్తం 30 లక్షల అనుకరణలు అవుతాయి. ఒక్కొక్కదానికి సెకనులో పదో వంతు పడుతుందనుకుంటే ఒకే కోర్‌పై మూడున్నర రోజులు. ఎనిమిది కోర్లకూ పంచితే పదిన్నర గంటలు. ఇక్కడ ఒక గడి లెక్క మరో గడిపై ఆధారపడదు కనుక పంపకం తేలిక. సాయంత్రం ప్రారంభిస్తే మరుసటి ఉదయానికి ఫలితం సిద్ధంగా ఉంటుంది. విభాగంలోని నాలుగు డెస్క్‌టాప్‌లకు పంచితే మూడు గంటల్లోపే ముగుస్తుంది.

అయినా ఇటువంటి లెక్కలు మన విభాగాల్లో రోజుల తరబడి సాగడానికి కారణం సాధారణంగా యంత్రం కాదు, దానిని వాడే తీరు. గణాంక విశ్లేషణకు విస్తృతంగా వాడే ఆర్ సాఫ్ట్‌వేర్, ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప, సాధారణంగా ఒకే కోర్‌పై పనిచేస్తుంది. అప్పుడు ఎనిమిది కోర్ల యంత్రంలో ఏడు కోర్లు ఖాళీగా ఉంటాయి. ఆర్‌తో సహజంగా వచ్చే మాత్రికా గణన గ్రంథాలయం స్థానంలో ఓపెన్‌బ్లాస్ వంటి ఉచిత గ్రంథాలయాన్ని అమర్చితే మాత్రికల లెక్కలు అనేక రెట్లు వేగవంతమవుతాయి. మెమరీ చాలక యంత్రం డిస్క్‌ను ఆశ్రయించినప్పుడు వేగం ఒక్కసారిగా పడిపోతుంది. అటువంటి సందర్భంలో కొత్త ప్రాసెసర్ కంటే అదనపు మెమరీ ఎక్కువ మేలు చేస్తుంది. ఆకు తెగుళ్ల చిత్రాలను గుర్తించే నమూనాల శిక్షణకు కూడా ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు చాలా సందర్భాల్లో సరిపోతుంది.

డెస్క్‌టాప్‌తో సాధ్యం కాని పనులు లేకపోలేదు. 3,000 వరి వంగడాల జన్యుక్రమ ప్రాజెక్టు వంటి వాటి దత్తాంశాలను మొదటి నుంచి విశ్లేషించాలన్నా, గోధుమ వంటి భారీ జన్యుపటాన్ని సంధానించాలన్నా పెద్ద మెమరీ, పెద్ద నిల్వ కావాలి. ఇందుకోసమే న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ గణాంక పరిశోధనా సంస్థలో 2014లో 'అశోక' అనే సూపర్ కంప్యూటింగ్ కేంద్రం ప్రారంభమైంది. సమస్య పరిమాణాన్ని ముందుగా లెక్కించి, దానికి తగిన యంత్రాన్ని ఎంచుకోవడమే పరిశోధకుని బాధ్యత.

సలహా గొలుసులో ఆమ్డాల్ సూత్రం

ఇక రెండవ అపోహ సంగతి. రైతుకు చేరేది పెటాఫ్లాప్ కాదు. 'రెండు రోజుల్లో వర్షం రావచ్చు, కళ్లాల్లోని మిర్చిపై పట్టాలు కప్పుకోండి, పురుగుమందు పిచికారీ వాయిదా వేయండి' అనే మాట ఆయనకు చేరాలి. నమూనా అంచనాకు, ఈ మాటకు మధ్య అనేక దశలున్నాయి. అంచనాను జిల్లాకు, మండలానికి అన్వయించాలి. పంట దశతో జోడించాలి. సలహాను తెలుగులో రాయాలి, ఆమోదం పొందాలి, పంపిణీ చేయాలి. ఈ దశలు ఒకదాని తరువాత ఒకటిగానే జరుగుతాయి. ఆమ్డాల్ చెప్పిన 'పంచలేని భాగం' ఇదే.

లెక్క కోసం ఒక ఊహాత్మక గొలుసును తీసుకుందాం. గణనకు 10 గంటలు, మిగిలిన దశలన్నిటికీ 20 గంటలు, మొత్తం 30 గంటలు పడుతున్నాయి. కొత్త యంత్రంతో గణన 4 గంటలకు తగ్గితే మొత్తం 24 గంటలవుతుంది. గణన కాలాన్ని పూర్తిగా సున్నా చేసినా 20 గంటలకంటే తగ్గదు. అదే, పాత యంత్రాన్ని అలాగే ఉంచి మిగిలిన దశలను 8 గంటలకు కుదిస్తే మొత్తం 18 గంటలే అవుతుంది. ఈ ఉదాహరణలో ఎంత వేగవంతమైన యంత్రమూ సాధించలేని ఫలితాన్ని విస్తరణ వ్యవస్థ సాధిస్తుంది.

వాస్తవంలో ఈ ఆలస్యం కొంతవరకు వ్యవస్థలోనే ఇమిడి ఉంది. గ్రామీణ కృషి మౌసం సేవ కింద వాతావరణ ఆధారిత వ్యవసాయ సలహా పత్రాలు వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో వెలువడతాయి. సూచన నమూనాలు మాత్రం ప్రతిరోజూ నడుస్తాయి. శనివారం అంచనా మారితే హెచ్చరిక వేరుగా రావచ్చు. పంటకు ఏమి చేయాలనే సలహా మాత్రం తరువాతి పత్రం కోసం వేచి ఉంటుంది. 2024 అక్టోబరులో గ్రామపంచాయతీ స్థాయి వాతావరణ సూచనలు కూడా ప్రారంభమయ్యాయి. సూచన పంచాయతీకి చేరిన తరువాత, దానిని ఆ పంచాయతీ పంటలకు అన్వయించేవారు ఎవరన్నది ఇప్పుడు తలెత్తుతున్న ప్రశ్న.

ఆ అన్వయం కోసమే 2018 నుంచి కృషి విజ్ఞాన కేంద్రాల్లో 199 జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలను నెలకొల్పారు. 2023-24 ఆర్థిక సంవత్సరంతో వాటిని మూసివేయాలని ఆదేశాలు వెలువడ్డాయి. స్వయంచాలక పద్ధతుల్లో సలహాలు తయారుచేయవచ్చన్నది దీనికి అనుకూలంగా వినిపించే వాదన. సలహా తయారీలో యంత్రం సాయపడగలదన్నది నిజమే. అయితే ఏ ఊరిలో కోతలు మొదలయ్యాయో, ఏ చెరువు కింద నాట్లు ఆలస్యమయ్యాయో చెప్పే సమాచారం నమూనాలో ఉండదు. అది జిల్లాలో తిరిగే మనిషి వద్ద ఉంటుంది. గొలుసులో తొలి కొనను పటిష్ఠం చేస్తున్న సంవత్సరంలోనే చివరి కొనను సడలించడం సరైన ప్రాధాన్యం కాదని నా అభిప్రాయం.

చివరి కొన బలంగా ఉంటే చిన్న లెక్క కూడా ఎంత ప్రయోజనం ఇస్తుందో చూపే ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. 2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు రాష్ట్ర ప్రభుత్వ సహకారంతో 175 మంది వేరుశనగ రైతులకు విత్తే సమయాన్ని సూచిస్తూ తెలుగులో సంక్షిప్త సందేశాలు పంపాయి. దిగుబడి సగటున 30 శాతం పెరిగినట్లు ఆ సంస్థలు తెలిపాయి. ఒకే సంవత్సరపు, పరిమిత సంఖ్యలోని రైతుల ఫలితాన్ని అతిగా సాధారణీకరించకూడదు. కానీ గమనించవలసిన అంశం ఒకటుంది. ఆ సలహాకు మూలమైనది ఆ ప్రాంతపు 30 సంవత్సరాల వాతావరణ దత్తాంశం. ఒక కేంద్రానికి 30 ఏళ్ల దినసరి వర్షపాతమంటే దాదాపు 11,000 అంకెలు. తేమ లభ్యతను లెక్కించడం ఏ డెస్క్‌టాప్‌కైనా క్షణాల పని. సలహాకు విలువ తెచ్చినది అది సరైన రోజున, సరైన భాషలో, రైతు చేతిలోని ఫోన్‌కు చేరడం.

చేయవలసిన పనులు

మొదటిది, ఆలస్యాన్ని కొలవాలి. ఒక జిల్లాలో ఒక పంట కాలమంతా ప్రతి సలహాకు అంచనా వెలువడిన సమయం, సలహా రాసిన సమయం, రైతు ఫోన్‌కు చేరిన సమయం నమోదు చేస్తే గొలుసులో బలహీనమైన కొక్కెం ఎక్కడుందో తెలుస్తుంది. విస్తరణ విద్యలో స్నాతకోత్తర పరిశోధనకు ఇది తగిన అంశం. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు.

రెండవది, పంట కాలానికి ముందే షరతులతో కూడిన సలహాలను తెలుగులో సిద్ధం చేసుకోవాలి. ప్రధాన పంటల ప్రతి దశకు, అధిక వర్షం, బెట్ట, ఈదురుగాలి వంటి పరిస్థితులకు సలహా వాక్యాలను శాస్త్రవేత్తలు ముందుగానే పరిశీలించి ఆమోదిస్తే, అంచనా రాగానే ఎంపిక చేసి పంపడమే మిగులుతుంది. శాస్త్రవేత్త సమయం అసాధారణ పరిస్థితులకు దక్కుతుంది.

మూడవది, స్నాతకోత్తర గణాంక పాఠ్యాంశంలో గణన పరిమాణాన్ని అంచనా వేయడం, కోర్లకు పని పంచడం, మెమరీ అవసరాన్ని లెక్కించడం చేర్చాలి. కొత్త యంత్రం కోరే ప్రతి ప్రతిపాదనలోనూ ఆ అంచనా ఉండాలి. డెస్క్‌టాప్‌పై సాధ్యమయ్యే పనికి జాతీయ సదుపాయాన్ని ఆశ్రయించడం, ఆ సదుపాయం అవసరమైన పనిని డెస్క్‌టాప్‌పై నెలల తరబడి ఈడ్వడం రెండూ వనరుల వృథాయే.

నాలుగవది, జిల్లా స్థాయిలో వ్యవసాయ వాతావరణ నిపుణులను శాశ్వత ప్రాతిపదికన కొనసాగించాలి. కృషి విజ్ఞాన కేంద్రమైనా, ఏరువాక కేంద్రమైనా ఆ బాధ్యత ఒకరికి స్పష్టంగా అప్పగించాలి.

సూపర్ కంప్యూటర్ మన ఇంటి యంత్రం కంటే ఎన్ని వేల రెట్లు వేగవంతమన్నది ఏటా మారే అంకె. నేటి అర్క వేగం మరికొన్ని దశాబ్దాల్లో బల్లపైకి రావచ్చు, పరమ్ 8000 విషయంలో అలాగే జరిగింది. కానీ కళ్లంలో మిర్చి ఆరబోసుకున్న రైతుకు వర్షం పడిన తరువాత చేరిన సలహా ఏ యంత్రంపై లెక్కించినదైనా నిష్ప్రయోజనమే. ఆ ఆలస్యంలో మన భాగం ఎంతో ముందుగా కొలుద్దాం. దాన్ని తగ్గించడానికి కావలసిన గణన శక్తి ఇప్పటికే మన బల్లలపై ఉంది.